పది తలలు, తొమ్మిది విరామాలు: రావణ వధలో డిలే వత్తులపై ఒక కేస్ స్టడీ

వరంగల్‌లో రావణ వధ అనగానే అందరికీ ఉర్సుగుట్ట రంగలీలా మైదానం గుర్తుకు వస్తుంది. ఈ కేసు అంత పెద్ద ఉత్సవానిది కాదు. నగరాన్ని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో, చెరువు గట్టు కింది మైదానంలో, దసరా సాయంత్రం జమ్మి పూజ ముగిశాక జరిగిన ప్రదర్శనది. 40 అడుగుల రావణుడి బొమ్మ, దాని వెనక ఆకాశంలో కొద్ది నిమిషాల బాణసంచా. అంతే పని.

ఉత్సవ కమిటీ పెద్దమనిషి కోరిక మాత్రం ఖచ్చితంగా ఉంది. "తలలన్నీ ఒక్కసారే కాలిపోతే ఇక రాముడు చేసేదేముంది? ఒకటి తర్వాత ఒకటి పడాలి." తలకూ తలకూ మధ్య 3 సెకన్లు. అటు చివర నుంచి, ఇటు చివర నుంచి లోపలికి వచ్చి, నడిమి తల ఆఖరున పేలాలి. ఆ వెంటనే రాముడి వేషధారి వేసిన బాణం నాభికి తగిలినట్టు కనిపించి బొమ్మ మొత్తం అంటుకోవాలి. వేదిక మీద వ్యాఖ్యాత గొంతు, డప్పులు దీనికి తోడు నడుస్తాయి.

ఇది నిప్పును కొన్ని సెకన్లు నిలిపి ముందుకు పంపే డిలే వత్తుల కోసమే పుట్టినట్టుండే పని. మా వృత్తిలో డిలే వత్తి మాట వస్తే అందరూ మొదట సమయం ఎంత సరిగ్గా వస్తుందనే అడుగుతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఎక్కడ ఆపగలం అన్నది మొదటిది. ఈ ప్రదర్శన రూపకల్పన అంతా ఆ వరుసలోనే సాగింది.

వత్తుల సంగతి

చిచ్చుబుడ్డికో షాట్ల పెట్టెకో ఉండే పూత వేసిన ఆకుపచ్చ వత్తి సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు కాలుతుంది. క్విక్‌మ్యాచ్ అలా కాదు. తుపాకీ మందు పట్టించిన నూలు దారం బయట ఉన్నప్పుడు నింపాదిగానే కాలుతుంది. అదే దారం కాగితపు గొట్టంలో ఉంటే వేడి వాయువులు పక్కలకు పోయే దారి లేక గొట్టం వెంట ముందుకు దూసుకుపోతాయి, నిప్పు సెకనుకు మీటర్ల లెక్కన పరుగెత్తుతుంది. ప్రదర్శనల్లో వాడే డిలే వత్తి రెండు క్విక్‌మ్యాచ్ ముక్కల మధ్య కూర్చునే చిన్న తుంట. ఒక వైపు నుంచి వచ్చిన నిప్పు దాని లోపల నిదానంగా కాలి, చెప్పిన సమయానికి అవతలి క్విక్‌మ్యాచ్‌ను అంటిస్తుంది. ఇవి ఫ్యాక్టరీ నుంచే సెకన్లు ముద్రించి వస్తాయి. సొంతంగా చుట్టిన వత్తుల మీద నాకు నమ్మకం లేదు, చట్టమూ ఒప్పుకోదు.

అన్నిటికీ కరెంటుతో నిప్పు రాజేసే ఎలక్ట్రిక్ ఇగ్నైటర్లే పెట్టేస్తే సరిపోదా అని కుర్రవాళ్లు అడుగుతారు. బోర్డు మీద మీట నొక్కితే సెకనులో వందో వంతు తేడా కూడా రాకుండా వెలుగుతాయి, నిజమే. కానీ వెదురు బద్దలు, కాగితం, గుడ్డతో కట్టిన బొమ్మలో పది తలలకూ పది జతల తీగలు పాకిస్తే, మొదటి తల మంటకే మూడో తల తీగ కాలిపోతుంది. పైగా యంత్రం కూడా తప్పుతుంది. 2012 జులై 4న అమెరికాలోని శాన్ డియేగోలో కంప్యూటర్ ఫైలులో వచ్చిన లోపంతో పెద్ద ప్రదర్శన మొత్తం సుమారు 15 సెకన్లలోనే పేలిపోయింది.

అయినా ఎలక్ట్రిక్ పద్ధతికి ఒక సుగుణం ఉంది. నొక్కడం మానేస్తే ఆగుతుంది. డిలే వత్తుల గొలుసుకు ఆ గుణం లేదు, ఒకసారి అంటుకున్నాక దాన్ని ఆపే మొనగాడు పుట్టలేదు. 2013 జులై 4న కాలిఫోర్నియాలోని సీమీ వ్యాలీలో ఒక షెల్ (గొట్టంలోంచి ఆకాశానికి ఎగిరి విచ్చుకునే బాణసంచా గుండు) గొట్టంలోనే పేలడంతో పక్క గొట్టాలు ఒరిగి షెల్స్ జనం వైపు వెళ్లాయి, 20 మందికి పైగా గాయపడ్డారు. అలా గొట్టాలు ఒరిగిన క్షణంలో వాటి వెనక ఇంకా సగం గొలుసు కాలుతూ ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే మా బృందంలో నియమం ఇది: అంటుకున్నాక చేతులు కట్టుకుని చివరిదాకా చూస్తూ ఉండగలిగినంత పొడవే గొలుసు ఉండాలి. అంతకన్నా ఒక్క తుంట కూడా ఎక్కువ వద్దు.

ఆ నియమం ప్రకారం పది తలలను ఒకే గొలుసుగా కట్టలేదు. ఎడమ వైపు నాలుగు తలలు ఒక గుంపు, కుడి వైపు అయిదు ఒక గుంపు, నడిమి తల ఒంటరి. ప్రతి గుంపు మొదట్లో ఒక ఎలక్ట్రిక్ ఇగ్నైటర్, గుంపు లోపల డిలే వత్తులు. ఇగ్నైటర్లు మూడూ బొమ్మ వెనక నేలకు దగ్గరగా ఉంటాయి, తలల మంట వాటి తీగలకు తగలదు. అక్కడి నుంచి పైకి అల్యూమినియం రేకు చుట్టిన క్విక్‌మ్యాచ్ వెళుతుంది. ఆకాశంలోని 3 అంగుళాల షెల్స్‌ను కూడా అయిదేసి చొప్పున మూడు గుంపులు చేశాము. మొత్తం ప్రదర్శనలో ఆపగల చోట్లు ఈ విధంగా వచ్చాయి.

3 సెకన్లంటే ఎంత

పెట్టె మీద 3 సెకన్లని ఉంటే లోపల 3 సెకన్లే ఉంటాయని అనుకోకూడదు. ప్రతి పెట్టెలోంచి కొన్ని తుంటలు తీసి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తూ కాల్చి చూస్తాము. సెకనుకు 240 ఫ్రేములు పెడితే ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇటు నిప్పు తగిలిన ఫ్రేము, అటు నిప్పు బయటికి వచ్చిన ఫ్రేము గుర్తు పెట్టుకుని మధ్య ఫ్రేములు లెక్కిస్తే సమయం వస్తుంది. విసుగు పుట్టించే పని. చదువుకునే పిల్లలకు అప్పగిస్తే మనకన్నా ఓపికగా చేస్తారు.

ఈ పరీక్షలో చూడవలసినవి రెండు, వాటిని కలిపేయకూడదు. ఒకటి, పెట్టె మొత్తం సగటు ఎటు జరిగింది. రెండోది, ఒక్కో తుంట ఆ సగటుకు ఎంత అటూ ఇటూ ఉంది. ఎందుకంటే గొలుసులో ఈ రెండూ ఒకే రకంగా పెరగవు. పది తలల మధ్య విరామాలు తొమ్మిది. పెట్టె మొత్తం పది శాతం నిదానంగా ఉందనుకుందాం. ఒక్కో విరామం 0.3 సెకన్లు సాగుతుంది, తొమ్మిదికీ కలిపి 2.7 సెకన్లు. ప్రతి తుంటా అదే వైపు తప్పుతుంది కాబట్టి ఏదీ దేన్నీ సర్దదు. అదే సగటు సరిగ్గా 3 సెకన్లే ఉండి, ఒక్కో తుంటలో తేడా 0.3 సెకన్ల మేర అటో ఇటో ఉంటే, ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కు పోయి కొంత సర్దుకుంటాయి. ఇలాంటి తేడా విరామాల సంఖ్యకు వర్గమూలం మేరకే పెరుగుతుంది; తొమ్మిదికి వర్గమూలం మూడు కాబట్టి మొత్తం తేడా 0.9 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. మొదటి రకం తప్పు ముందే తెలిస్తే వ్యాఖ్యాత మాటలను దానికి తగ్గట్టు సాగదీయవచ్చు. రెండో రకానికి మందు లేదు, గొలుసును చిన్నది చేసుకోవడమే.

గుంపులుగా విడగొట్టడం ఇక్కడ కూడా అక్కరకు వచ్చింది. నాలుగు తలల గుంపులో విరామాలు మూడే, అయిదు తలల గుంపులో నాలుగే. ప్రతి గుంపూ మీట నొక్కినప్పుడే మొదలవుతుంది, పాత గుంపు ఆలస్యం కొత్త గుంపుకు అంటదు. మేము కాల్చి చూసిన పెట్టెలో సగటు కొంచెం నిదానం వైపే ఉంది.

ఇంకో సంగతి విడి తుంటల పరీక్షలో బయటపడదు. అతుకులు కూడా సమయం తింటాయి. క్విక్‌మ్యాచ్ నుంచి తుంటలోకి, తుంట నుంచి మళ్లీ క్విక్‌మ్యాచ్‌లోకి నిప్పు దూకేటప్పుడు మధ్యలో కాస్త ఖాళీ ఉన్నా తడబడుతుంది. పూర్తి గొలుసు కట్టి నేల మీద కాల్చి చూస్తే, విడి సమయాల మొత్తం కన్నా ఎక్కువ తీసుకుంది. అందుకే విడిగా ఎన్ని కాల్చినా ఒక పూర్తి గొలుసును కాల్చకుండా నేను సంతకం పెట్టను.

ఆ నేల పరీక్షకు కట్టిన గొలుసులోనే మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి తెలివి ఒకటి దొరికింది. ఎడమ గుంపు మొదటి తలకు ఇంకొంత ఆలస్యం కావాలనుకున్నాము. డిలే తుంట అయిపోయిందని అతను పచ్చ వత్తినే పొడవుగా తీసుకుని, చోటు చాలక కంకణంలా నాలుగు చుట్లు చుట్టి టేపు వేశాడు. లెక్క ప్రకారం పొడవు సరిపోతుంది. కానీ చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయి, పైన టేపు బిగించి ఉంది. నిప్పు మొదటి చుట్టులోంచి నేరుగా నాలుగో చుట్టులోకి దూకింది. "అన్నా, పొడవు కొలిచే పెట్టాను కదా" అన్నాడు. కొలిచాడు కూడా. వత్తి మాత్రం పొడవు వెంటే నడవాలని ఎక్కడా రాసి లేదు. టేపు బిగిస్తే వేడి, వాయువులు లోపలే ఉండి వత్తి ఇంకా వేగంగా కూడా కాలుతుంది. ఆ చుట్లు విప్పించి, తుంటల పెట్టె కోసం మనిషిని పంపాము.

తేమ సంగతి అనుభవం ఉన్నవారికి తెలిసిందే. వానలు వెనక్కు మళ్లే రోజులు, పైగా చెరువు గట్టు పక్క. రాత్రంతా ఆరుబయట ఉంచిన తుంటలు మూతపెట్టిన డబ్బాలోని వాటికన్నా నిదానంగా కాలాయి, ఒకదానికొకటి పొంతన కూడా తగ్గింది. గొలుసులను సాయంత్రం కట్టి, మూతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసి, చివరి గంటలోనే బొమ్మకు ఎక్కించాము.

గాలి, పత్తి చేను

మైదానానికి పడమర వైపు కంచె దాటితే పత్తి చేను. దసరా నాటికి కాయలు పగిలి మొదటి ఏరుడు నడుస్తూ ఉంటుంది, ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లవలసిన పత్తి చెట్టు మీదే తెల్లగా వేలాడుతూ ఉంటుంది. నిప్పురవ్వకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు. ఆ రైతును ముందుగానే కలిసి, కంచె వెంబడి కొన్ని సాళ్లలో పత్తి ఏరించాము. ట్యాంకరు ఒకటి అటు వైపే నిలిపాము, ఫైరింజన్ గేటు దగ్గర ఉంది.

షెల్స్ పరిమాణం కూడా మైదానమే నిర్ణయించింది. అమెరికా ప్రదర్శనల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 1123 ప్రకారం నిలువు గొట్టానికీ జనానికీ మధ్య షెల్ వ్యాసంలో అంగుళానికి 70 అడుగుల చొప్పున దూరం ఉండాలి. 3 అంగుళాలకు 210 అడుగులు. కమిటీలో ఒకరు 5 అంగుళాలవి కావాలన్నారు. జనం చెరువులో నిలబడి చూస్తామంటే తెస్తానన్నాను.

తలలు ఏ వైపు నుంచి మొదలుకావాలన్న దాని మీద కమిటీకీ మాకూ కొంత వాదన నడిచింది. వారికి కుడి వైపుతో మొదలు కావాలి. కుడి శుభమట. రావణుడికి శుభమేమిటో నాకు అర్థం కాలేదు కానీ, అడ్డు చెప్పడానికి నా కారణం వేరు. ఆ సాయంత్రం గాలి చెరువు మీదుగా కుడి నుంచి ఎడమకు వీస్తోంది. కుడి తలలు ముందు కాలితే వాటి రవ్వలు ఇంకా పేలని ఎడమ తలల మీద పడతాయి. అప్పుడు వత్తికన్నా ముందే మంట వెళ్లి వాటిని అంటిస్తుంది, 3 సెకన్ల లెక్కంతా బూడిదే. గాలి ఎటు పోతోందో ఆ వైపు తలలు ముందు పేలాలి, గాలి వచ్చే వైపువి తర్వాత. బొమ్మ లోపల డిలే వత్తికి అసలు పోటీదారు మంటే. మంట ఒక తల నుంచి పక్క తలకు పాకే వ్యవధికన్నా వత్తి విరామం తక్కువ ఉండాలి. 3 సెకన్లకు ఒప్పుకున్నది అందుకే. అయిదు కావాలంటే ఒప్పుకునేవాడిని కాదు.

తలల లోపలి సరుకు గురించి ఒక మాట. పూర్వం లడీలు చుట్టి కుక్కేవారు. 2018 అక్టోబరు తీర్పులో సుప్రీంకోర్టు గొలుసు టపాకాయలనూ, బేరియం లవణాలనూ నిషేధించింది. కాబట్టి ఒక్కో తలలో గ్రీన్ ముద్ర ఉన్న విడి శబ్ద టపాకాయ, దానికి రెండు వైపులా చిన్న ఫౌంటెన్లు పెట్టాము. రావణుడి కళ్లు ఆకుపచ్చగా మెరవాలని కమిటీ అడిగింది. బాణసంచాలో ఆకుపచ్చ రంగు ఇచ్చేది ఎక్కువగా బేరియమే కాబట్టి ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాము. వచ్చిన మెచ్చుకోళ్లలో సగం ఆ బల్బులకే!

షెల్స్ గొట్టాలు హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌వి. చెక్క చట్రాల్లో పక్కపక్కన బిగించకుండా ఒక్కో గొట్టాన్నీ విడిగా సగానికి పైగా ఇసుకలో పాతి, చుట్టూ గోనె సంచుల్లో వాగు ఇసుక నింపి పేర్చాము. కూలీల ఖర్చు పెరిగింది. కానీ డిలే గొలుసు మీద నడిచే గొట్టాలను చట్రంలో ఒకదానికి ఒకటి కట్టేయడం నేను చేయను. ఒకటి చీలితే మిగిలినవి దాని వెంట ఒరగకూడదు.

ఆ రాత్రి

కార్యక్రమం 8 గంటలకనుకున్నది జమ్మి ఆకు పంచుకునే సందడిలో ఇంకా ఆలస్యమైంది. రాత్రి 10 దాటితే శబ్దానికి అనుమతి లేదు కాబట్టి ప్రసంగాలు కుదించమని కమిటీని కోరవలసి వచ్చింది. అది మా పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

ఎడమ గుంపు నాలుగు తలలూ వ్యాఖ్యాత గొంతుకు కాస్త వెనకగా, కానీ వరుస తప్పకుండా పేలాయి. జనం వంద మీటర్ల అవతల ఉన్నారు కనుక వెలుగు కనిపించాక శబ్దం చేరడానికి 0.3 సెకన్లు పట్టింది. ఆ మాత్రం ఎవరూ పట్టించుకోరు. కుడి గుంపులో మూడో తల మౌనంగా ఉండిపోయింది. గొలుసు మాత్రం ముందుకు సాగి నాలుగు, అయిదు తలలు సమయానికే పేలాయి. నడిమి తలకు మీట నొక్కాము. బాణం వెళ్లింది, బొమ్మ అంటుకుంది. అందరూ చప్పట్లు కొడుతూ ఉండగా, సగం కాలిన బొమ్మలోంచి ఆ మొండి తల తీరిగ్గా ఢామ్మంది. జనానికి అదే ఎక్కువ నచ్చింది.

తర్వాత వీడియోను ఫ్రేము ఫ్రేముగా చూస్తే కారణం కనిపించింది. గొలుసు నుంచి ఆ తలలోకి వెళ్లే కొమ్మ దగ్గర అతుకు ఊడి, నిప్పు గొట్టం లోపలికి పోకుండా పక్కకు చిమ్మింది. గాలికి తల ఊగుతూ ఉంటే క్విక్‌మ్యాచ్ బిగుసుకుని అతుకును లాగేసింది. నేల మీద పరీక్షలో ఏదీ ఊగదు. ఇప్పుడు ప్రతి అతుకుకూ రెండు వైపులా వెదురుకు దారంతో కట్టి, మధ్యలో కాస్త వదులు ఉంచుతున్నాము.

ఆకాశం వంతు వచ్చింది. 3 అంగుళాల షెల్ సుమారు 300 అడుగులు ఎక్కి, 3 సెకన్ల తర్వాత విచ్చుకుంటుంది. ఆ సమయాన్ని షెల్ లోపలి వత్తి చూసుకుంటుంది, బయటి డిలే తుంట కేవలం గొట్టానికీ గొట్టానికీ మధ్య విరామం ఇస్తుంది. మొదటి గుంపు బాగా సాగింది. రెండో గుంపులో నాలుగో షెల్ పైకి ఎక్కకుండా గొట్టం మూతి మీదే పేలింది. ఎర్రటి చుక్కలు నేల మీదుగా చెల్లాచెదురయ్యాయి. అయిదో దానికి నిప్పు అప్పటికే బయలుదేరింది. రెండు సెకన్లు. అది నిలువుగానే లేచింది, ఇసుక తన పని చేసింది. బోర్డు దగ్గర ఉన్నతను మూడో గుంపు మీట వైపు చూశాడు. వద్దన్నాను. బోర్డు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.

కమిటీ నుంచి ఫోను. "ఇంకా అయిదు ఉన్నాయి కదా, ఎందుకు ఆపారు?" ఉన్నాయి, ఉండనివ్వండి అన్నాను. అరగంట దాకా ఎవరినీ గొట్టాల దగ్గరికి వెళ్లనివ్వలేదు. ఆ తర్వాత తీగలు విడదీసి, కాపలా పెట్టి, తెల్లవారాక వెలుతురులో చూశాము. ఒక ఇసుక సంచి చీలి ఉంది. మూడో గుంపు రెండో గొట్టం దగ్గర క్విక్‌మ్యాచ్ మీది రేకుకు వేలు దూరేంత చిల్లు, కింద కాగితం గోధుమ రంగుకు మాడి ఉంది. ఇంకొంచెం కాలి ఉంటే మొదటి గొట్టాన్ని వదిలేసి గొలుసు రెండో దాని నుంచి మొదలయ్యేది. ఆ అయిదు షెల్స్‌ను గొట్టాల్లోంచి తీసి, తిరిగి లైసెన్సు ఉన్న గోదాముకు చేర్చాము.

లెక్క

సొమ్ము దగ్గర కాస్త బేరం నడిచింది. పేలని అయిదు షెల్స్ ధర తగ్గించుకున్నాను, అది న్యాయమే. మొండి తలకు కూడా తగ్గించమన్నారు. "అది పేలిందిగా?" అన్నాను. "పేలిందయ్యా, దానికి తోచినప్పుడు" అన్నాడు పెద్దమనిషి, నవ్వి సంతకం పెట్టాడు.

మరుసటి ఏడాదికి వారే మళ్లీ పిలిచారు. ఒప్పందంలో ఈసారి రెండు వాక్యాలు చేర్చాము. తలల వరుస ఆ సాయంత్రం గాలిని బట్టి బృందం నిర్ణయిస్తుంది. ఏ గుంపునైనా కాల్చకుండా నిలిపివేసే అధికారం ఫైరింగ్ బోర్డు దగ్గర ఉన్నవారిది, కాల్చని సరుకుకు డబ్బు తీసుకోము. షెల్స్‌ను అయిదేసి కాకుండా మూడేసి చొప్పున గుంపులు చేశాము. దాంతో ఇగ్నైటర్ల ఖర్చు పెరిగింది, ఆ మేరకు షాట్ల పెట్టెలు రెండు తగ్గించాము. కమిటీ దానికి పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వారి కొత్త కోరిక వేరు: ఒక తల కావాలనే ఆలస్యంగా పేలాలట.